దోషమెవరిది?

తెలుగున ‘దోషము’ అను మాట రెండు పనులు చేయుచున్నది. వస్తువునందలి లోపమును దోషమందురు. మనుష్యుడు చేసిన తప్పును సైతము దోషమే యందురు. నేతలో పోగు తప్పుట దోషము, పరుల సొమ్ము హరించుట దోషము. జాతకమున కుజదోషము, చూపునకు దృష్టిదోషము, వైద్యుని చీటీలో జన్యుదోషము. ఈ చివరి మాట ఇటీవలిది. అది ఒక యింట ప్రవేశించిననాడు వైద్యుడు దానిని మొదటి అర్థమున పలుకును. ఇంటివారు రెండవ అర్థమున విందురు. ఆ రెండర్థముల నడుమ నలిగిపోవునది చాలవరకు ఒక తల్లి.

అట్టి యింటి కథ సుమారుగా ఒకే తీరున నడచును. బిడ్డ అందరి బిడ్డలవలెనే బోరగిలపడును, కూర్చుండును, నడచును, ‘అమ్మ’, ‘తాత’ అని పిలుచును. మూడవ యేట ఒకనాడు జ్వరమేమియు లేకయే కాలుసేతులు కొట్టుకొని పడిపోవును. మందులు మార్చి మార్చి యిత్తురు; మూర్ఛలు ఆగవు. కొన్ని మాసములకు నేర్చిన మాటలు ఒక్కొక్కటే వెనుకకు పోవును. నడక తూలును. గోడ పట్టుకొని నిలుచుట, పిమ్మట కూర్చుండుట, పిమ్మట మ్రింగుట సైతము కష్టమగును. చూపు మందగించును. పెరుగవలసిన బిడ్డ తరుగుచుండును. అప్పుడు చుట్టములు ప్రశ్నలు మొదలిడుదురు. కోడలు కడుపుతో నుండగా గ్రహణము చూచినదా? మ్రొక్కు మరచినదా? ఆమె పుట్టింట ఇట్టివారెవరైన నుండిరా? తండ్రి వంశమును గూర్చి ఈ ప్రశ్న అడుగువారు అరుదు.

కారణమునకును తప్పునకును గల భేదమెట్టిదో తెలియుటకు సికింద్రాబాదు వాసులు దూరము పోనక్కరలేదు. బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడయందు మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. మలేరియా అను మాటకే ఇటాలియను భాషలో చెడుగాలి యని యర్థము. గాలియనియు, గ్రహమనియు, దేవతల కోపమనియు అంతకుముందు లోకము చెప్పుకొనుచుండెను. కారణము చేతికి చిక్కిన పిదప, ఒక్కనాటిలో గాకున్నను క్రమముగా, జ్వరపీడితుని ‘నీవేమి పాపము చేసితివి’ అని అడుగుట తగ్గి, ‘పెరటిలో నీరు నిలిచియున్నదా’ అని అడుగుట వచ్చినది. అదే బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థయు, జన్యువ్యాధుల ఆసుపత్రియు వెలసినవి. 1977లో ఏర్పడి నేడు హబ్సిగూడయందున్న సీసీఎంబీ, ఉప్పలునందలి సీడీఎఫ్‌డీ సికింద్రాబాదునకు కొద్ది మైళ్ల దూరముననే కలవు. ప్రశ్నను మార్చగల స్థలములు పొరుగుననే యున్నవి.

అయినను రాస్ కనుగొన్న కారణమునకును దీనికిని ఒక భేదము కలదు. దోమ వెలుపలినుండి వచ్చినది. దానిపై కోపగించిన ఎవరికిని బాధ లేదు. ఇచ్చట కారణము తల్లిదండ్రుల దేహమునుండియే వచ్చుచున్నది. కావున రాస్ చేసిన మేలు ఇచ్చట సగమే. కారణము తెలిసినను తప్పు అను భావము తొలగక, శాస్త్రముచేత ధ్రువపడినట్లు మరింత బిగియు ప్రమాదము కలదు.

మనుష్య దేహమందలి కణములలో సుమారు ఇరువదివేల జన్యువులున్నవి. దాదాపు ప్రతి జన్యువునకును రెండు ప్రతులు. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఒకే గ్రంథము రెండు ప్రతులున్న యింట ఒకదానిలో ఒక పుట చినిగినను రెండవదానిని చూచి చదువుకొనవచ్చును. అట్లు ఒక ప్రతి చెడి, రెండవది బాగుగానున్నవారిని వాహకులందురు. వారికి రోగములేదు, లక్షణములేదు; నూరేండ్లు బ్రతికినను తమయందట్టిది యున్నదని తెలియదు. దంపతులిరువురును ఒకే జన్యువునకు వాహకులైనచో ప్రతి గర్భమునందును నాలుగింట ఒక పాలు రెండు చెడిన ప్రతులును బిడ్డకు చేరు అవకాశము కలదు. ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగుచున్నది. మొదటి బిడ్డకు వచ్చినదిగదా, లెక్క ప్రకారము తక్కిన ముగ్గురును క్షేమమని కొందరు తలంతురు. పాచిక ముందు పడిన పందెమును జ్ఞాపకముంచుకొనదు. ప్రతి గర్భమును క్రొత్త పందెమే.

వేరొక సంగతి. ఇట్టి చినిగిన పుటలు కొన్నియైనను లేని మనుష్యుడు దాదాపు లేడు. పీఠాధిపతియందును, పరీక్షించు వైద్యునియందును, అరుగుపై కూర్చుండి కోడలి పుట్టింటిని విచారించు పెద్దలయందును అవి కలవు. వారి భాగ్యమల్లా వారి జీవితభాగస్వామికి అదే పుట చినుగకుండుట.

పైన చెప్పిన రోగలక్షణములు ‘సీరాయిడ్ లిపోఫుసినోసిస్’ అను వ్యాధుల కుటుంబములో తరచుగా కనబడును. సామాన్యముగా బాటెన్ వ్యాధి యందురు. కణమునందు లైసోజోములని చిన్న సంచులవంటివి కలవు. పనికిరాని పదార్థమును కరగించి శుభ్రపరచుట వాని పని. అందుకు కావలసిన ఎంజైములలో ఒకటి లేకపోయినచో, పారిశుద్ధ్య కార్మికుడు రాని వీధివలె చెత్త పేరుకొనును. తక్కిన అవయవములు కొంత తట్టుకొనగలవు, నాడీకణములు తట్టుకొనలేవు. ఈ కుటుంబమున రెండవ రకమునకు 2017లో అమెరికాలో ఒక ఎంజైము మందు ఆమోదింపబడినది. దానిని రెండు వారములకొకసారి నేరుగా మెదడులోని ద్రవకుహరమునకు ఎక్కింపవలెను. అది నడక పోవుటను మందగింపజేయును, పోయినదానిని తీసికొనిరాదు. ధర సామాన్యులకు ఊహాతీతము. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము క్రింద గుర్తింపబడిన కేంద్రములలో హైదరాబాదునందలి నిమ్స్, సీడీఎఫ్‌డీల జంట యొకటి. ఆ విధానపు సహాయ పరిమితి 2022లో 50 లక్షల రూపాయలకు పెరిగినది. ఏండ్ల తరబడి, కొన్నిట జీవితాంతము, సాగవలసిన చికిత్సకు ఆ మొత్తము ఎన్నినాళ్లు వచ్చునో లెక్కింప నారంభించిన తండ్రి ఎవనికైనను తెలియును.

అన్ని జన్యువ్యాధులును వంశమునుండి దిగివచ్చినవి కావు. ఫ్రెంచి వైద్యురాలు షార్లెట్ ద్రావే 1978లో వర్ణించిన ఒక తీవ్రమైన శిశు అపస్మారము కలదు. సరిగా ఏడాది నిండని బిడ్డకు జ్వరముతో మూర్ఛ మొదలై చాలసేపు సాగును. పిమ్మట బుద్ధివికాసము కుంటుపడును. 2001లో దీనికి ఒక జన్యువునందలి మార్పు కారణమని తెలిసినది. అధిక సంఖ్యాకులైన బిడ్డలయందు ఆ మార్పు తల్లియందును లేదు, తండ్రియందును లేదు. ఆ బిడ్డ రూపుదిద్దుకొను సమయమున క్రొత్తగా కలిగినది. వ్రాయసకాని చేతిలో ఒక అక్షరము జారినట్లు. ఈ వ్యాధి తొలి మూర్ఛ కొన్నిసార్లు టీకా వేయించిన దినమున, టీకావలన వచ్చు స్వల్ప జ్వరముతో కనబడును. కావున ఎందరో తల్లులు ‘నేను టీకాకు తీసికొనిపోకున్న బిడ్డ బాగుండెడివాడు’ అని జీవితమంతయు కుమిలిరి. 2006లో ఆస్ట్రేలియా వైద్యులు, కోరింతదగ్గు టీకావలన మెదడు చెడినదని తలంపబడిన పదునలుగురిని పరీక్షింపగా పదునొకొండుగురియందు ఈ జన్యువు మార్పే కనబడినది. టీకా వేయించకున్నను ఆ వ్యాధి వచ్చియుండెడిదే. ఆ తల్లులకు ఆ కాగితము మందుకంటె గొప్పది.

కారణము వెదకుట మనశ్శాంతికి మాత్రమే యనుకొనుటయు పొరపాటు. ద్రావే వ్యాధిలో కార్బమజెపిన్ వంటి, మూర్ఛకు సామాన్యముగా వాడు మందులు కొన్ని మూర్ఛలను హెచ్చించును. పేరు తెలిసిననాడే వానిని మానుదురు. బయోటినిడేస్ అను ఎంజైము లోపించిన శిశువునకు మూర్ఛలు వచ్చును, జుట్టు రాలును, చర్మము పుండ్లు పడును. వెలలో అల్పమైన బయోటిన్ విటమినును దినదినము ఇచ్చిన చాలును, బిడ్డ నిలుచును. ఆలస్యమైనచో పోయిన వినికిడి, చూపు మరల రాకపోవచ్చును. బి6 విటమినుకు మాత్రమే లొంగు మూర్ఛ యొకటి కలదు. రక్తమునుండి గ్లూకోజు మెదడునకు సరిగా చేరని వ్యాధి యొకటి కలదు. దానికి అన్నము, చక్కెర తగ్గించి క్రొవ్వు హెచ్చించిన ప్రత్యేకాహారమే ప్రధాన చికిత్స. ఇవి అరుదైనవే. కాని ‘కర్మము, ఎవరేమి చేయగలరు’ అని కూర్చున్న యింట ఇట్టి బిడ్డ యున్నచో ఆ వేదాంతమునకు ఆ బిడ్డ మూల్యము చెల్లించును. మూర్ఛరోగులందరును జన్యువ్యాధిగ్రస్తులు కారనియు ఇచ్చటనే చెప్పవలెను. కాన్పు వేళ ఊపిరాడకపోవుట, మెదడువాపు, బద్దెపురుగు తిత్తులు మెదడు చేరుట మొదలైనవి ఈ దేశమున పెద్ద కారణములు. తగిన మందులు వాడినచో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కర్మసిద్ధాంతమును సమర్థించువారి మాటలో బలము లేకపోలేదు. వారు చెప్పునది ఇది: శాస్త్రము ‘ఎట్లు’ అను ప్రశ్నకు మాత్రమే సమాధానమిచ్చును, ‘నా బిడ్డకే యేల’ అను ప్రశ్నకు ఈయదు. నాలుగింట ఒక పాలు అను లెక్క తల్లి కన్నీటిని తుడువదు. పూర్వకర్మమనుకొన్నచో కనీసము లోకమునకొక క్రమమున్నదని తోచును. ఈ వాదమును పరిహసింపరాదు. మనుష్యుడు తన కష్టమును తాను భరించుటకు ఏ తలంపును ఆశ్రయించినను అది యతని స్వేచ్ఛ. కాని ఆ మాటయే పరుని గూర్చి పలికినపుడు స్వభావము మార్చుకొనును. తనను గూర్చి ‘నా కర్మము’ అనుట వినయము; పొరుగింటి బిడ్డను గూర్చి ‘వారి కర్మము’ అనుట నేరారోపణము, అందును సాక్ష్యము లేనిది. పైగా మూడేండ్ల బిడ్డ ఆ ఆరోపణకు సమాధానము చెప్పుకొనలేడు.

వీరశైవులకు ఈ విషయమున సందేహమునకు తావే యుండరాదు. శరణులు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. జననమువలన అశౌచము కలుగదనిరి. పుట్టిన శిశువునకు లింగధారణ చేయుట ఆచారము. ఆ శిశువు తరువాత మూర్ఛపోవునో, మాట మరచునో చూచి కట్టినది కాదు ఆ లింగము. కట్టిన పిదప అదే శిశువునందు పుట్టుకదోషమును వెదకుట తమ చేతితో కట్టినదానిని తామే శంకించుటయగును.

కాయకమే కైలాసమను మతమునకు ఇట్టి బిడ్డ ఒక కఠినమైన ప్రశ్నను వేయుచున్నాడు. కాయకము చేయలేని, ఎన్నడును చేయబోని దేహమునకు ఆ మతమున చోటెక్కడ? బిడ్డ చేయలేడు, నిజమే. కాని ఆ యింట కాయకము ఆగలేదు. రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను, లేకున్న ఒరపుండ్లు పడును. ముక్కుగొట్టము ద్వారా ఆహారము మెల్లగా పోయవలెను. గొంతులో చేరిన కఫము తీయవలెను. మూర్ఛ ఐదు నిమిషములు దాటినచో ముక్కులో చల్లవలసిన మందు దిండు క్రింద సిద్ధముగా నుంచవలెను. రాత్రులు ఒకరు మేల్కొనవలెను. ఈ పని యేండ్లకొలది సాగును. చేయుచున్నది చాలవరకు ఒక్క స్త్రీ. దానిని కాయకమని ఎవరును పిలువరు, దుఃఖమని మాత్రము పిలుతురు. మఠములు పంక్తిభోజనములకు పెట్టు వ్యయములో కొంత ఇట్టి యింటికి రాత్రి కాపుండు ఒక మనిషి రూపమున చేరినచో అది దాసోహము కాకపోవునా యని భక్తులు తమ గురువులను అడుగదగును.

ఇక మేనరికము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణ ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు నాలుగింట ఒక వివాహము రక్తసంబంధీకుల నడుమ జరిగినది. తెలంగాణలో అంతకంటె తక్కువ. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో పావువంతు, బావామరదళ్లకు ఎనిమిదవ వంతు సమానము. అనగా తాతనుండియో అవ్వనుండియో దిగిన చినిగిన పుట యిరువురియందును ఉండు అవకాశము హెచ్చు. గోత్రము వేరుగదా యని పెద్దలు సమాధానపడుదురు. గోత్రము తండ్రి వరుసను మాత్రమే లెక్కించును. మేనమామ కూతురు గోత్రమున పరాయిది, రక్తమున దగ్గరిది. అయినను ఈ సంగతిని భయపెట్టుటకు వాడరాదు. ఏ దంపతులకైనను నూటికి రెండుమూడు శిశువులకు తీవ్రమైన పుట్టుకలోపము కలుగు అవకాశము కలదు. మేనరికమున అది సుమారు రెట్టింపగును. నూటికి తొంబదిమందికి పైగా బిడ్డలు ఆరోగ్యవంతులే. మేనరికము చేసికొన్న ఒక దంపతులకు ఇట్టి బిడ్డ పుట్టినపుడు, అప్పటివరకు ఆ సంబంధమును పట్టుబట్టి కుదిర్చినవారే ‘అందుకే వద్దంటిమి’ అనుట మాత్రము వింతలలో వింత.

అసలు చిక్కు మేనరికముకంటె విశాలమైనది. 2009లో సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి భారతీయ సముదాయముల జన్యుచరిత్రను పరిశీలించిరి. 2017లో దానిని విస్తరించిరి. దక్షిణాసియాలోని 263 సముదాయములలో 81 అతి కొద్దిమంది పూర్వీకులనుండి విస్తరించి, వేల యేండ్లుగానో వందల యేండ్లుగానో తమలో తామే వివాహమాడుచు వచ్చినవని తేలినది. వానిలో పది లక్షలకు మించిన జనసంఖ్య గలవి పదునాలుగు. తెలుగునాటి వైశ్యులు ఇందుకొక ప్రసిద్ధ నిదర్శనము. శస్త్రచికిత్స వేళ ఇచ్చు కొన్ని కండర సడలింపు మందుల ప్రభావము దేహమునుండి సకాలమున తొలగని లక్షణము వారిలో ఇతరులకంటె హెచ్చుగా కనబడుటకు కారణమిదియే. ఉత్తరాది అగ్రవాల్ కుటుంబములలో తల పెద్దదగుట, మూర్ఛలు, క్రమముగా నడక చెడుట లక్షణములుగా గల ఒక మెదడువ్యాధిని ముంబయి వైద్యులు 1990 దశకమున గుర్తించిరి. దాని వెనుక ఒకే పూర్వీకునినుండి వచ్చిన ఒకే జన్యుమార్పు కలదు. దూరపు సంబంధమే చేసికొన్నను సముదాయము చిన్నదైనచో దంపతులిరువురును ఒకే పాత పుటను మోయుచుండవచ్చును. శాఖలుగా, ఉపశాఖలుగా చీలి, ఆ గీత దాటి పిల్లనీయని ఏ సముదాయమునకైనను ఇది వర్తించును. వీరశైవులు తమను తాము మినహాయించుకొనుటకు ఆధారమేమియు లేదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును వివాహము జరిగినదనియు, బిజ్జలుడు ఆ తండ్రులిరువురిని దారుణముగా శిక్షించెననియు సంప్రదాయము చెప్పును. ఆ కల్యాణము నేటి బీదరు జిల్లాయందున్నది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. శరణులు జన్యుశాస్త్రమును ముందే యెరిగిరని ఎవరైన ఉపన్యసించినచో అది ముఖస్తుతి. వారు కోరినది సమత్వము. కాని ఆ వివాహమును కొనియాడు సభలు ముగిసిన పిమ్మట అదే సభికులు ఉపశాఖ చూచి సంబంధము కలుపుకొనుటలో, సమత్వముతోపాటు మరియొకటి సైతము నష్టమగుచున్నదని నేడు తెలిసినది.

తెలిసినదానిని దాచుటతోనే రెండవ అర్థమున దోషము మొదలగును. మూర్ఛరోగము విషయమున దాపరికమును చట్టమే కొంతకాలము పోషించినది. హిందూ వివాహ చట్టమునకు 1976లో జరిగిన సవరణ, మాటిమాటికి వచ్చు మూర్ఛను ఉన్మాదముతో జతపరచి వివాహమునకు అడ్డంకిగా నిలిపినది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. చట్టము మారి పాతికేండ్లు దాటినను పెండ్లిచూపులలో మార్పు తక్కువ. పిల్లకు మూర్ఛ యున్నదని చెప్పక పెండ్లి చేయుదురు. ఆమె అత్తవారింట మాత్రలు చాటుగా మ్రింగును. చాటు దొరకని దినమున మానును. హఠాత్తుగా మానిన మందు ఆగని మూర్ఛకు దారితీయును, ప్రాణాపాయము సైతము కలదు. ఆ దినమున నిజము బయటపడును. ఆమె మోసకత్తెయని పిలువబడును. దాచిపెట్టుమని బోధించిన పెద్దలు మౌనము వహింతురు.

అయితే సత్యము ఎవరికి చెప్పవలసినది? వివాహమాడబోవు వ్యక్తికి. వీధికి కాదు, కులసంఘమునకు కాదు. ఈ భేదమును పాటించినచో చాల కష్టములు తొలగును. తన రోగమును వరునికో వధువుకో తెలుపుట ఋణము. వాహకత్వము రోగమే కాదు. అదే పుట చినిగిన మరియొకరిని వివాహమాడు సందర్భమున తప్ప దానివలన ఎవరికిని హాని లేదు. దానిని కళంకముగా ప్రచారము చేయుట, దాచుటకంటె తక్కువ తప్పు కాదు.

ఈ చిక్కునకు ఒక మతసమాజము కనుగొన్న మార్గము మఠములకు ఆలోచింపదగినది. తూర్పు ఐరోపా మూలము గల యూదులలో ముప్పదిమందికొకరు టే-శాక్స్ అను శిశు నాడీక్షయమునకు వాహకులు. న్యూయార్కునందలి ధర్మగురువు జోసెఫ్ ఎక్‌స్టీన్ తన బిడ్డలను నలుగురిని ఆ వ్యాధికి కోల్పోయెను. ఆయన 1983లో ‘దోర్ యెషోరిమ్’ అను సంస్థను స్థాపించెను. అవివాహిత యువతీయువకుల రక్తమును పరీక్షించి పేరు వ్రాయక ఒక సంఖ్యను మాత్రమే యిత్తురు. సంబంధము మాటలు నడచునపుడు రెండు సంఖ్యలను చెప్పినచో, ఆ జంట తగునో తగదో సంస్థ చెప్పును. ఎవరు వాహకులో బయటికి రాదు. తగిన జంటయైనచో వారికి సైతము తెలియదు. పరీక్ష, మేలుకొలుపు కలిసి ఆ సమాజమున ఆ వ్యాధిని దాదాపు కనబడకుండ చేసినవి. ఎవరి పరువును తీయక బిడ్డలను కాపాడుట దీని గుణము. మనుష్యునకు తన దేహమును గూర్చిన సంగతిని తనకే చెప్పకుండుట దీని లోపము. నిజమును ఎదుర్కొనజాలని సమాజమునకు ఇది ఊతకఱ్ఱయే గాని నడక కాదు.

పైగా తెలుగునాట దానిని ఉన్నదున్నట్లు అనుకరింప వీలులేదు. అచ్చట ఏ జన్యువును వెదకవలెనో ముందే తెలియును. ఇచ్చట ఒక్కొక్క సముదాయమున చినిగిన పుట వేరు. చాలవాని పేరు ఇంకను తెలియదు. కావున మొదటి మెట్టు రోగి యైన బిడ్డయొద్దనే యున్నది. ‘మందు లేనిదానికి పేరు తెలిసి లాభమేమి’ అని అనేకులు జన్యుపరీక్షను మానుదురు. బిడ్డ గతించిన పిమ్మట మరల గర్భము వచ్చినపుడు వైద్యుడు ఆ బిడ్డ పరీక్షాఫలితము నడుగును, అది లేదు. ఏ పుట చినిగినదో తెలియక క్రొత్త గర్భమున దేనిని వెదకుట? బిడ్డ స్థితి యెంత విషమమైనను కొద్దిపాటి రక్తమునుండి డీఎన్‌ఏను తీసి భద్రపరచుమని జన్యువైద్యుని కోరుట, చేతకానిదని తోచు ఆ సమయమున తల్లిదండ్రులు చేయగల పనులలో ఒకటి. అది తోబుట్టువులకును ఉపకరించును.

పేరు తెలిసిన యింట గర్భము మూడవ మాసమున మావి ముక్కను పరీక్షించి చెప్పగలరు. 1994 నాటి చట్టము లింగనిర్ధారణను నిషేధించినదే గాని జన్యువ్యాధుల పరీక్షను నిషేధింపలేదు. పరీక్ష ఫలితము చెడుగా వచ్చినచో గర్భమును తొలగించుకొనుటకు చట్టమున అవకాశము కలదు. భ్రూణహత్య యను మాట ఇచ్చట వినవచ్చును. ఒక బిడ్డను ఎనిమిదేండ్లు ఒడిలో కరగిపోవుచుండగా చూచిన తల్లి రెండవసారి ఆ పరీక్షను కోరినచో ఆమెకు ధర్మము బోధించు అర్హత ఇతరులకు అల్పము. అట్లే పరీక్ష వలదు, వచ్చినదానిని ప్రేమింతుననిన తల్లిని మూఢురాలనుట వైద్యునకు తగదు. ఈ యిరువురు తల్లులును ఒకే యింట అక్కచెల్లెండ్రుగా నుండవచ్చును. రెండవ గర్భమును వలదనుకొనుట, మంచముపైనున్న మొదటి బిడ్డను వలదనుకొనుట కాదని మాత్రము ఇంటివారు, ముఖ్యముగా ఆ బిడ్డ తోబుట్టువులు, వినవలెను.

తోబుట్టువుల సంగతిని పెద్దలు మరతురు. ఆరోగ్యముగానున్న అన్న గాని చెల్లెలు గాని వాహకులగు అవకాశము మూడింట రెండు పాళ్లు. రోగిబిడ్డను పరీక్షించు సందడిలో ‘ఆ పిల్లకును ఒక్కసారి చేయుడు, పెండ్లినాటికి పనికివచ్చును’ అని తండ్రి అడుగుట కద్దు. ఆరోగ్యవంతులైన పిల్లల వాహకత్వమును యుక్తవయస్సు రాకముందు పరీక్షింపకుండుటయే జన్యువైద్యులు సామాన్యముగా పాటించు పద్ధతి. పదేండ్ల పిల్లకు ఆ ఫలితమువలన చికిత్స లేదు, లాభము లేదు. తండ్రి బీరువాలో నుండు కాగితము మాత్రము ఆమెకంటె ముందుగా చుట్టములకు తెలియును. ఆమె పదునెనిమిదేండ్లు నిండి, అన్న వ్యాధి పేరేమో, అది తనకెట్లు సంబంధించునో విని, పరీక్ష కావలెనో వలదో తానే చెప్పును. అంతవరకు ఆ వ్యాధి పేరును, బిడ్డ పరీక్షాపత్రమును చెదలు తినకుండ కాచుటయే తండ్రి పని.